గుడ్డు అడిగితే గుడ్డ

ఫిబ్రవరి 3

మామయ్యకు,

నీ పిచ్చుక నమస్కారాలు. ఫోన్ చేస్తే నీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఎప్పట్లాగే ఉత్తరం. అత్తయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను పంపిన పట్టీ వేసుకుంటోందా, బీరువాలో దాచిందా? దాచే ఉంటుంది.

అసలు సంగతికి వస్తాను. మా వినోదాల పార్కులో ఇన్నాళ్ళూ నాది టికెట్ల కిటికీ వెనక గుమాస్తా పనే కదా. ఈ నెల నుంచి హోటళ్ళ విభాగంలోకి మార్చారు. జెయింట్ వీల్ వెనక ఖాళీ స్థలంలో ‘పాతరోజుల వీధి’ అని ఒకటి కడుతున్నారు. పాత పోస్టాఫీసు, పాత సినిమా హాలు, పాత మంగలి కొట్టు. అన్నీ ముందు గోడలే, వెనక ఏమీ ఉండదు. ఒక్క హోటల్ మాత్రం నిజంగా నడవాలన్నారు. అది ఎలా ఉండాలని మీటింగులో గంటసేపు వాదించుకున్నారు. ఒకాయన రైలుపెట్టె అన్నాడు, ఇంకొకాయన ఓడ అన్నాడు. నేను లేచి మన మిల్లు గేటు క్యాంటీన్ గురించి చెప్పాను. మామయ్యా, అందరూ ఒక్క మాట మీద ఒప్పుకున్నారు!

అమ్మ షిఫ్టుకు వెళ్తూ నన్ను నీ దగ్గర వదిలేసి వెళ్ళేది. అమ్మ ముఖం కన్నా నాకు ఆ క్యాంటీన్ గోడలే ఎక్కువ గుర్తు. అయినా కొలతలు, రంగులు నువ్వే చెప్పాలి. పాత బోర్డు, రెండు బల్లలు ఇవ్వగలవా? నీ వ్యాపారానికి అడ్డమైతే వద్దులే.

మా వీధికి ఎదురుగా ఎర్రటోపీల కొట్టు కూడా వస్తుందట. అదే, ఊరూరా ఒకే అచ్చులో పోసినట్టుండే ఫాస్ట్‌ఫుడ్ కొట్టు. మీ ఊళ్ళోనూ పెట్టారని విన్నాను. అక్కడ పనిచేసేవాళ్ళు తాళం తిప్పిన బొమ్మల్లా గంట మోగితే తీస్తారు, గంట మోగితే వేస్తారు. నీ వంట చూసి పెరిగినదాన్ని, నాకు వాళ్ళని చూస్తే మనుషులనిపించదు. మన క్యాంటీన్‌తో వాళ్ళ పని పట్టాలి.

నీ పిచ్చుక

ఫిబ్రవరి 11

పిచ్చుకా,

అత్తయ్యవీ నావీ ఆశీస్సులు. పట్టీ బీరువాలోనే ఉంది. నీకు సోది చెప్పడం కూడా వచ్చునని అత్తయ్య అంటోంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి అత్తయ్యకు పైకి చదివి వినిపించాను. పక్కింటివాళ్ళు కూడా విన్నారు, నా గొంతు సంగతి నీకు తెలుసుగా.

క్యాంటీన్ భేషుగ్గా నడుస్తోంది. మిల్లు మూసేశాక జనం రారేమో అనుకున్నాను గానీ బస్సుల కోసం నిలబడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. బోర్డు తీసుకుపో, కొత్తది రాయించాను. బల్లలు కూడా రెండు కాదు, ఆరూ పంపిస్తాను. ఎలాగూ స్టీలువి వేయిస్తున్నాను. లారీ మాట్లాడాను.

గోడలు కింద నడుము ఎత్తు దాకా ముదురాకుపచ్చ, పైన సున్నం. పచ్చరంగు ఎందుకంటే మిల్లులోంచి వచ్చేవాళ్ళు నూనె చేతులు గోడకు తుడిచేవాళ్ళు. గడియారం ఏడు నిమిషాలు ముందు పెట్టేవాడిని, సైరన్‌కి ఎవరూ ఆలస్యం కాకూడదని. టీ గ్లాసులో, రొట్టె కాగితంలో, బంగాళాదుంప కూర సత్తు గిన్నెలో. ఆర్డరు తీసుకున్నాక నేను గట్టిగా తిరిగి అరిచేవాడిని కదా, ‘మూడో బల్లకి రెండు టీ, ఒకటి పలచన!’ అని. అది అట్టహాసం కాదు. మగ్గాల దగ్గర పదకొండేళ్ళు చేసి చెవులు పోగొట్టుకున్నవాణ్ణి, తప్పు విన్నానేమోనని. తప్పయితే వాళ్ళే దిద్దేవాళ్ళు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావన్నాడట. ఆ బాపతు నేను.

ఎర్రటోపీల కొట్టు మా ఊళ్ళోనూ ఉంది. అక్కడివాళ్ళు నువ్వన్నట్టే ఉంటారు. నేనటు పెద్దగా చూడను.

మామయ్య

ఏప్రిల్ 20

మామయ్యా,

ఆలస్యానికి కోప్పడకు. ఈ రెండు నెలల్లో కూర్చుని అన్నం తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

క్యాంటీన్ తెరిచాం! మొదటి ఆదివారం లోపలికి రావడానికి జనం మంగలి కొట్టు దాకా బారు తీరారు. నీ బోర్డు చూసి ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ ఆయన కూడా మిల్లు మనిషేనట, వేరే మిల్లు. గోడల పచ్చరంగు నువ్వు చెప్పినట్టే వేయించి, నూనె చేతుల మరకలు మాత్రం మా పెయింటరు చేత వేయించాం. ఆయన రెండు రోజులు చిన్న కుంచెతో మురికి వేస్తూ, ‘నా బతుకులో మురికి తుడిచాను గానీ గీయడం ఇదే మొదలు’ అన్నాడు. గడియారం కూడా ఏడు నిమిషాలు ముందే. కస్టమర్లు ఫిర్యాదు చేస్తున్నారు, రైడ్ల టైము తప్పుతోందని.

క్యాంటీన్ యజమాని వేషంలో ఒక నటుణ్ణి కూడా పెట్టారు. బల్లల మధ్య తిరుగుతూ జనాన్ని కాస్త నవ్విస్తాడు. మంచి మనిషి. జనరల్ మేనేజరు గారికి ఆయనంటే ప్రాణం.

నిన్ను పిలవాలని నాకెంతో ఉంది. కానీ ఇప్పుడు రాకు మామయ్యా. ఎండలు, రద్దీ, పైగా ఎర్రటోపీలవాళ్ళ కొట్టు మే ఆఖర్లో తెరుస్తున్నారు. అంతా గందరగోళంగా ఉంటుంది. అన్నీ సర్దుకున్నాక నేనే కారు పంపి తీసుకొస్తాను.

ఆఫీసులో అందరూ నన్ను పేరు పెట్టి పలకరిస్తున్నారు. ఆరేళ్ళు టికెట్ల కిటికీ వెనక కూర్చున్నాను, నన్నెవరూ ఎరగరు. అంతా నీ పుణ్యం.

పిచ్చుక

ఏప్రిల్ 29

పిచ్చుకా,

రావద్దన్నావు, రాను. అంత పెద్దవాళ్ళ మధ్య నేనొచ్చి ‘ఏంటీ, ఏంటీ’ అంటూ ఉంటే నీకూ ఇబ్బందే. ఇందులో నిష్ఠూరం ఏమీ లేదు. నువ్వు పైకి వచ్చావు, అది చాలు.

అత్తయ్య మాత్రం ‘మన బల్లల మీద మనం కూర్చోవడానికి ఆ పిల్ల పిలుపు కావాలా’ అంది. ఆవిడ మోకాలే అంత కచ్చగా మాట్లాడుతుంది, మనసు కాదు.

ఆ యజమాని వేషం వేసే ఆయన ఎలా ఉంటాడు? నాలాగే మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులా? నవ్విస్తాడన్నావు. నేనెప్పుడూ అంత హాస్యగాణ్ణి కానే. అయినా నటుడికి కాస్త ఉప్పూ కారం ఉండాలిలే.

వచ్చే నెల్లో పన్నెండు రోజులు ఊళ్ళో ఉండను. అత్తయ్య చెల్లెలింటికి వెళ్తున్నాం. ఉత్తరాలు ఇంటికే రాయి, పక్కింటివాళ్ళు తీసి ఉంచుతారు. క్యాంటీన్ ఆ పన్నెండు రోజులూ మన టీ మాస్టరు చూసుకుంటాడు. రోజూ కిటకిటే, ఒక్కరోజు మూసినా జనం ఊరుకోరు.

మామయ్య

మే 27

మామయ్యా,

మీరు అత్తయ్య చెల్లెలింటి నుంచి వచ్చేశారో లేదో తెలియదు. ఊరికే రాస్తున్నాను.

ఎర్రటోపీలవాళ్ళ కొట్టు ఇరవై నాలుగున తెరిచారు. మా మేనేజర్లు, వాళ్ళ మేనేజర్లు కలిసి రిబ్బను కత్తిరించారు. నేనూ వెళ్ళాల్సి వచ్చింది. కొత్త సిబ్బందికి పని నేర్పడానికి వేరే ఊళ్ళ కొట్ల నుంచి పాతవాళ్ళని తెప్పించారట. వాళ్ళలో ఒకాయన దూరం నుంచి అచ్చం నీలాగే కనిపించాడు. మనిషిని పోలిన మనుషులు ఉంటారంటారు కదా.

నువ్వు బాగున్నావా? క్యాంటీన్ బాగా నడుస్తోందా? నిజంగా బాగానే ఉంది కదా? ఏదైనా ఉంటే నాకు రాస్తావు కదా? నేను నీకు పరాయిదాన్ని కాదు.

ఇంకేం రాయాలో తోచడం లేదు.

నీ
పిచ్చుక

జూన్ 2

పిచ్చుకా,

ఇంకా అత్తయ్య చెల్లెలింట్లోనే ఉన్నాం. నీ ఉత్తరం పక్కింటివాళ్ళు ఇక్కడికి పంపారు. ఇక్కడ గాలీ నీరూ బాగున్నాయి. అక్కాచెల్లెళ్ళు నోరు మూయరు. నాకు వినపడదు కాబట్టి నేనొక్కణ్ణే సుఖపడుతున్నాను.

నాలాంటి మనిషి కనిపించాడన్నావు. పాపం, వాడి కర్మ. పలకరించావా? పలకరించకపోవడమే మంచిదిలే. తెలియని మనిషిని పలకరిస్తే ఇద్దరికీ ఎబ్బెట్టుగా ఉంటుంది.

క్యాంటీన్ బాగానే నడుస్తోంది.

మామయ్య

జూన్ 7

మామయ్యా,

నీ ఉత్తరం కవరు మీద మా పోస్టాఫీసు ముద్ర ఉంది. పార్కు గేటు పక్కనున్న పోస్టుడబ్బాలో వేశావు నువ్వు.

ముద్ర చూడకపోయినా నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. ఇక దాచలేను.

రిబ్బను కత్తిరించాక నువ్వు ట్రే పట్టుకుని మా వైపు వచ్చావు. ఎర్రటోపీ, ఎర్రచొక్కా, మెడలో గుర్తింపు కార్డు. ముందు నాకు చేతులు కనపడ్డాయి. మణికట్టు మీద ఆ కాలిన మచ్చ. తల ఎత్తి చూస్తే నువ్వే. నువ్వు నవ్వబోయావు. మా జనరల్ మేనేజరు గారు నా చెవి దగ్గర, ‘తెలిసినాయనా?’ అని అడిగారు. ‘కాదండీ, ఎవరినో చూసి ఎవరో అనుకున్నట్టున్నాడు’ అన్నాను. నీ ట్రేలోంచి ఒక కాగితపు గ్లాసు తీసుకుని, థాంక్స్ అని చెప్పి, తల తిప్పుకున్నాను. నీకు వినపడదని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే అన్నాను మామయ్యా. అదే నన్ను కాల్చేస్తోంది.

అరగంట తర్వాత మనసు కుదుటపడక మీ కౌంటరు దగ్గరకి వచ్చాను. ఆ వేళకు నిన్ను లోపలికి పంపేశారు. మర్నాడు వస్తాననుకున్నాను, రాలేదు. తర్వాత రోజూ రాలేదు. దాని బదులు నీకు ఆ దొంగ ఉత్తరం రాశాను, నువ్వే ఒప్పుకుంటే నేను ఒప్పుకోనక్కర్లేదని.

ఇంకొకటుంది. మా నటుడు జూన్ ఒకటిన పరుగెత్తుకుంటూ నా గదికి వచ్చాడు. ‘ఇవాళ ఎదుటి కొట్టు ముసలాయన ఒకాయన వచ్చాడు, నన్ను మించినవాడు! నేను ఏంటి అంటే ఆయనా ఏంటి అన్నాడు. జనం దొర్లి దొర్లి నవ్వారు’ అన్నాడు. ఎవరో ఫోనులో తీశారు. మేనేజరు గారు గదిలో అందరికీ వేసి చూపించారు. అందులో నువ్వు. మన రెండో బల్ల దగ్గర కూర్చుని, చేతిలో గుడ్డ పట్టుకుని, అందరి ముఖాలూ చూస్తూ.

‘ఆ మనిషిని మనం తీసుకుందాం, మీరే వెళ్ళి మాట్లాడండి’ అని నన్ను పురమాయించారు. నిన్ను పిలిచి నీ వేషం నీ చేతే వేయించమని! నేను సరేనండీ అన్నాను. అనేసి బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మర్నాడు మీ కొట్టుకు వస్తే, ఆయన పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయారన్నారు.

తలెత్తుకుని రాయలేకపోతున్నాను. ఏదో ఒకటి రాయి. తిట్టు.

పిచ్చుక

జూన్ 17

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. వెంటనే రాయలేదు. రాస్తే ఏదో ఒకటి అనేస్తానని ఆగాను.

ముందు నా అబద్ధాలు చెప్పుకుంటాను. క్యాంటీన్ మూసి రెండేళ్ళవుతోంది. మిల్లు మూసిన ఆరునెలలకే మూతపడింది. బస్సుల కోసం నిలబడేవాళ్ళు ఎర్రటోపీల కొట్టుకు పోయారు. తర్వాత నేనూ పోయాను, పనికి. నీకు రాద్దామనే కాగితం తీశాను ఒకసారి. ఇంతలో నువ్వు వాళ్ళని చూస్తే మనుషులనిపించదని రాశావు. ఆ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపిస్తూ ఆ వాక్యం మింగేశాను. ఆ రోజు నేను ఎర్రచొక్కాతోనే ఉన్నాను, అప్పుడే పనినుంచి వచ్చి. బల్లలు, బోర్డు ఇంటి వెనక రేకుల కింద తడుస్తూ ఉండేవి. వ్యాపారానికి అడ్డమా అన్నావు, వాటికి ఒక దిక్కు దొరికిందని పంపాను.

మీ పార్కుకి పంపుతున్నారని తెలిసి భయపడ్డాను. రానంటే పని పోతుంది. నువ్వు కనపడితే టోపీ దించుకుని తప్పుకోవాలనే అనుకున్నాను. కానీ నిన్ను చూడగానే ముఖం నా మాట వినలేదు.

నాకు వినపడదని ధైర్యం చేశానన్నావు. పిచ్చిదానా, నాకు చెవుల్లేవు గానీ కళ్ళున్నాయి. పాతికేళ్ళుగా జనం పెదాలు చూసి టీ పోసినవాణ్ణి. నీ పెదాలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ‘కాదండీ’ అన్నావు. చదివాను.

అక్కడితో వెళ్ళిపోదామనుకున్నాను. కానీ రోజూ అద్దంలోంచి నా బోర్డు కనిపిస్తుంటే ఆగలేకపోయాను. ఆఖరికి ఒకరోజు మధ్యాహ్నం తీరిక దొరికితే వచ్చాను. రెండో బల్ల దగ్గర కూర్చున్నాను, అది కాస్త ఊగుతుంది చూడు, ఇంకా ఊగుతూనే ఉంది. ఆయన వచ్చాడు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏదో అడిగాడు. పెదాలు కనపడలేదు. నేను ‘ఏంటీ?’ అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ ‘ఏంటీ?’ అన్నాను. జనం నవ్వుతున్నారు. ఏదో జోకు అయ్యుంటుంది, ఈ ముసలాడు ముఖం ముడుచుకున్నాడు అనుకోకూడదని నేనూ నవ్వాను. నాకు ఒక గుడ్డు కావాలని చెప్పాను. ఆయన బల్ల తుడిచే గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

అప్పుడు తెలిసింది.

క్యాంటీన్ తెరిచిన మొదటి నెలలో అది నిజంగా జరిగింది. బాయిలరు మనిషి ఒకాయన గుడ్డు అడిగాడు, నేను గుడ్డ ఇచ్చాను. ఆయన నవ్వలేదు. దాంతో బల్ల తుడుచుకుని, ‘ఇప్పుడు గుడ్డు పట్రా’ అని వేలితో గుండ్రంగా గీసి చూపించాడు. పద్ధతి గల మనిషి.

ఇంకో మాట కూడా చెప్తాను, నీకు నచ్చదు. ఎర్రటోపీల కొట్టులో ఆర్డర్లు తెర మీద అక్షరాల్లో వస్తాయి. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, నేను ఏంటీ అనక్కర్లేదు. ఇన్నాళ్ళుగా అక్కడెవరికీ నేను చెవిటివాణ్ణని తెలియదు. గంట మోగితే తీస్తామన్నావు. నాకు ఆ గంట కూడా వినపడదు, దాని పక్కన దీపం వెలుగుతుంది, అది చూసి తీస్తాను. ఉదయం లారీలోంచి సరుకు దింపే పని కూడా నాదే. మీ పార్కులో ఆ పన్నెండు రోజులూ అదే లారీ ముందు మా వెనక గుమ్మం దగ్గర ఆగేది, తర్వాత మీ వెనక గుమ్మం దగ్గర. గడ్డకట్టిన బంగాళాదుంపలు, ఒకే పెట్టెలు, ఒకే గుర్తు. మా దాంట్లో వేపుడు, మీ దాంట్లో సత్తుగిన్నెలో కూర. మీ వంటింట్లో పొయ్యి కూడా లేదు. అది మాత్రం నాకు నిజంగా బాధేసింది. నన్ను పెట్టుకున్నా బాగుండేది, కనీసం ఆ కూర వండేవాణ్ణి.

నాకు ఒక్క సంగతి తెలియాలి. ఆ గుడ్డు గుడ్డ కథ వాళ్ళకి ఎవరు చెప్పారు? ఆ నటుడు ఎక్కడో కల్పించుకున్నాడంటే నమ్మేస్తాను. ఒకవేళ నువ్వు చెప్పి ఉంటే ఎలా చెప్పావు? ఎందుకంటే ఆయన మెడ వంచిన తీరు నాదే. ఉత్త కథ విన్నవాడికి అది రాదు.

మామయ్య

జూన్ 23

మామయ్యా,

నేనే చెప్పాను.

చెప్పడం కాదు, చేసి చూపించాను. ఫిబ్రవరి మీటింగులో అందరూ ఒక్క మాట మీద ఒప్పుకున్నారని నీకు రాశాను కదా, అది అలా జరగలేదు. నేను క్యాంటీన్ అన్నప్పుడు ఎవరూ తల తిప్పి కూడా చూడలేదు. రైలుపెట్టె ఆయన నా మాట మధ్యలోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. కూర్చుంటే ఇక జన్మలో లేవలేను అనిపించింది. అప్పుడు మెడ పక్కకు వంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, నీ గొంతుతో ‘ఏంటీ?’ అన్నాను. గదిలో అందరూ నా వైపు తిరిగారు. నాలో నుంచి అది ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నేర్చుకోనక్కర్లేకుండా, నడక వచ్చినట్టు వచ్చింది. ‘ఒక టీ కావాలి’ అంటే ‘ఒకటే గాలి? కిటికీ వేస్తానుండు’ అన్నావని చెప్పాను. ఇది నువ్వు అనలేదు, నేను కల్పించాను. తర్వాత గుడ్డు, గుడ్డ. వాళ్ళు బల్ల మీద చేతులు కొడుతూ నవ్వారు. మేనేజరు గారు ‘మీ పేరేంటమ్మా?’ అని అడిగారు. ఆరేళ్ళలో మొదటిసారి. ఆ నటుడికి నేర్పింది కూడా నేనే. అద్దం ముందు నిలబెట్టి, మెడ ఇంకొంచెం అని.

నిన్ను రావద్దన్నది అందుకే. నిన్ను చూసి నేను సిగ్గుపడుతున్నానని నువ్వనుకున్నావు. నీ ఉత్తరంలో ‘ఏంటీ, ఏంటీ అంటూ ఉంటే’ అని చదివి జవాబుకని కాగితం తీశాను. కాదు అని రాద్దామంటే అసలు కారణం అంతకన్నా నీచం.

పోయిన వారం మేనేజరు గారి గదికి వెళ్ళి చెప్పాను. ఆ ముసలాయన మా మేనమామ, ఆ క్యాంటీన్ ఆయనది, ఆయన ఆ రోజు నటించలేదు అని. మేనేజరు గారు ‘అయ్యో, ముందే చెప్తే బాగుండేది కదా’ అన్నారు. చెడ్డవాడు కాడు. చెవిటి ఆట తీసేస్తానన్నారు. తీసేశారు కూడా. ఇప్పుడు యజమాని నత్తి మాట్లాడతాడు. నేను మళ్ళీ వెళ్ళి అదీ వద్దన్నాను. ‘మీకు ఈ విభాగం ఒత్తిడిగా ఉన్నట్టుంది’ అన్నారు. సోమవారం నుంచి నన్ను టికెట్ల కిటికీకి మార్చారు. నటుడు మాత్రం నిన్న కిటికీ దగ్గరకి వచ్చి, అద్దానికి అవతల నిలబడి, ‘నాకు తెలియదమ్మా’ అని ఏడ్చినంత పనిచేశాడు.

బోర్డు, బల్లలు తిరిగి ఇవ్వమని అడిగాను. కాగితం మీద నేనే సంతకం పెట్టి కంపెనీకి ఇచ్చేశానట. చూపించారు, నా సంతకమే.

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. నువ్వు అడిగిందానికి జవాబు రాశాను.

పిచ్చుక అని రాయాలంటే చెయ్యి రావడం లేదు.

నీ మేనకోడలు

జూలై 3

పిచ్చుకా,

నాలుగు రోజులు అన్నం సహించలేదు. అత్తయ్య పట్టు పట్టి కారణం అడిగింది. నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక పూటంతా చదివింది. నీ మీద విరుచుకుపడుతుందనుకున్నాను. చదివాక కాగితాలు మడిచి, నా ముఖానికి ఎదురుగా కూర్చుని, ‘ఇది దానికి కొత్తా? చిన్నప్పుడు రోజూ చేసేదిగా’ అంది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. నెమ్మదిగా, పెదాలు విప్పి చెప్పింది.

నీకు ఐదారేళ్ళప్పుడు మీ అమ్మ షిఫ్టుకు పోయాక, సాయంత్రం మిల్లు వదిలే వేళ నువ్వు బల్ల ఎక్కేదానివి. అది నాకూ గుర్తుంది. చేతులు తిప్పుతూ ఏదో అనేదానివి. మిల్లు వాళ్ళు చుట్టూ చేరి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాళ్ళు. నీకు గుర్తుండకపోవచ్చు. నువ్వు నాలా మెడ వంచి ఏంటీ, ఏంటీ అనేదానివట. మీ అమ్మ ఒకసారి చూసి నిన్ను కొట్టబోతే నేనే అడ్డం పడ్డానట. అదీ గుర్తుంది. పాడుకునే పిల్లని ఎందుకు కొడుతుందా అని కోపం వచ్చింది నాకు.

అత్తయ్యని ‘అప్పుడే చెప్పొచ్చు కదా’ అంటే, ‘నువ్వు అంత మురిసిపోతుంటే నాకు నోరు రాలేదు’ అంది.

నువ్వు పాట పాడుతున్నావనుకున్నాను, పిచ్చుకా. గల్లా వదిలేసి వచ్చి, అందరికన్నా ముందు నిలబడి, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

మంగళవారం నాకు సెలవు. బస్సు పది గంటలకు వస్తుంది. రా.

మామయ్య